ఇంజను పాక

మేముండే హ్యూస్టన్ ప్రాంతంలో తుఫానుల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుందని లెక్క. కృష్ణా తీరంలో పుట్టి పెరిగినవారికి ఈ లెక్క కొంత వింతగా తోస్తుంది. అక్కడ తుఫాను భయం వైశాఖంలో ఒకమారు తొంగిచూసి, ఆశ్వయుజ కార్తికాల్లో వచ్చి తిష్ఠ వేస్తుంది. ఇక్కడ శ్రావణ భాద్రపదాలే పెద్ద గండం. నెలలు మారినా గాలి అదే, వాన అదే. ఆ గాలివానలో కరెంటు పోయినప్పుడు ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి పైకప్పు వైపు చూస్తూ కూర్చోవడమూ అదే.

నేను దివిసీమ వాడిని. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన నాటికి నేను పుట్టలేదు. అయినా ఆ రాత్రి ప్రస్తావన లేకుండా మా ఇంట ఏ కార్తికమూ గడవలేదు. పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. ఉప్పెన అంటే మామూలు వరద కాదు. పెనుగాలి తోసుకురాగా సముద్రమే లేచి ఊళ్లమీద పడడం. వేలాదిమందిని పొట్టన పెట్టుకున్న ఆ ఉప్పెననాడు మా అమ్మకు ఇరవై ఒక్క ఏళ్లు. కొత్త కోడలు. ఆమె నాతో ఎన్నోమార్లు అన్న మాట ఒకటుంది: “గాలివాన వచ్చేటప్పుడు భయపడతాం నాన్నా, జాగ్రత్తగానే ఉంటాం. వెలిశాక ధీమా వస్తుంది. తప్పులన్నీ అప్పుడే చేస్తాం.” ఆ మాట ఎంత నిజమో 2024 జులై 8వ తేదీన, నా ఇంట్లోనే, నా చేతులమీదుగానే తెలిసివచ్చింది. ఆ సంగతి మన పత్రిక చదివే కుటుంబాలకు చెప్పడం నా విధి అనుకుని ఈ వ్యాసం రాస్తున్నాను.

2021 ఫిబ్రవరిలో మంచు కురిసి టెక్సస్‌లో లక్షలాది ఇళ్లకు కరెంటు పోయిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ చలిలో మూడు దుప్పట్లు కప్పుకుని పిల్లలను ఒడిలో పెట్టుకున్న రాత్రి, ఇల్లు గడ్డకట్టడం మానితే ముందుగా ఒక జనరేటరు కొనాలని నిశ్చయించుకున్నాను. వేసవి రాకముందే కొన్నాను. రెండు చక్రాలు, ఒక పిడి, పెట్రోలు పోసే టాంకు, తాడు లాగితే మొదలయ్యే ఇంజను. ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, కిటికీకి బిగించే చిన్న ఏసీ నడపడానికి చాలినంత శక్తి దానికుంది. దానితోపాటు వచ్చిన పుస్తకాన్ని మాత్రం విప్పకుండానే సొరుగులో వేశాను. చదువుకున్నవాడిననే గర్వం మనిషిని చదవనివ్వదు.

ఇక బెరిల్ తుఫాను సంగతి. అది ఆ సోమవారం తెల్లవారుజామున మాటగోర్డా వద్ద తీరం దాటింది. సూర్యోదయం వేళకు మా వీధిలో కంచెలు పడిపోయాయి, ఓక్ చెట్ల కొమ్మలు విరిగాయి, కరెంటు పోయింది. ఆనాడు ఈ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లు చీకటిపాలయ్యాయి. అప్పటికి అమ్మ ఆరు నెలలు మాతో గడపడానికి వచ్చి నెలరోజులైంది. ఆమెకు మధుమేహం ఉంది. ఊరి నుంచి తెచ్చుకున్న ఇన్సులిన్ సీసాలన్నీ మా ఫ్రిజ్‌లో ఉన్నాయి. బయట చూస్తే జులై ఎండాకాలం. తుఫాను పోగానే ఉక్క ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. జనరేటరు నడపక తప్పదనిపించింది.

ఉదయం పది గంటలకు గాలి తగ్గింది. వాన మాత్రం విడతలు విడతలుగా పడుతూనే ఉంది. జనరేటరును పెరటి వసారాలో పెట్టాను. పైన కప్పు ఉంది కదా అనుకున్నాను. కానీ వాన నిలువుగా పడితే కదా! ఏటవాలుగా వచ్చిన జల్లు యంత్రాన్ని తడిపేసింది. ప్లగ్గులు పెట్టే చోట నీటిబొట్లు నిలిచాయి. నీళ్లూ కరెంటూ కలిస్తే ప్రమాదమని ఎవరికి తెలియదు? అక్కడ పుట్టే కరెంటు 120 వోల్టులు. తడి నేలమీద తడి చేతులతో నిలబడ్డవాడి ప్రాణం తీయడానికి అది చాలు. మొదట ఒక నీలిరంగు ప్లాస్టిక్ పట్టా తెచ్చి దానిమీద కప్పబోయాను. పొగగొట్టానికి ఆనిన అంచు కమిలి వాసన వచ్చింది. పట్టా తీసేశాను. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన తట్టింది. తెలివైనదని ఆ క్షణంలో అనుకున్నాను. జనరేటరును దొర్లించుకుంటూ గ్యారేజీలోకి తెచ్చి, గాలి ఆడేందుకని పెద్ద తలుపును సగం వరకు ఎత్తి ఉంచి, మళ్లీ తాడు లాగాను.

ఇంజను హాయిగా నడిచింది. ఫ్రిజ్ గుర్రుమంది. అమ్మ గదిలో ఫ్యాను తిరిగింది. నా శ్రీమతి కాఫీ కలిపింది. అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. మేము పీల్చుకుంటున్నది ఏమిటో మాకు తెలియదు.

అరగంట గడిచిందో లేదో, మా పదకొండేళ్ల అబ్బాయి తల పోటుగా ఉందన్నాడు. రాత్రంతా నిద్ర లేదు కాబట్టి అలా ఉందని, కాసేపు పడుకోమని చెప్పాను. వాడు గ్యారేజీకి ఆనుకుని ఉన్న గదిలో పడుకున్నాడు. కాసేపటికి మేడమీది నడవాలోని అలారం మోగింది. నాలుగు కూతలు, కాస్త విరామం, మళ్లీ నాలుగు కూతలు. వంటింట్లో పోపు మాడినప్పుడు మోగే అలారం మూడేసి కూతలు కూస్తుంది. ఇది వేరు. నేను కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ పీకబోతుండగా నా శ్రీమతి కింది నుంచి అరిచింది: “అది పొగ అలారం కాదండీ! పిల్లలను తీసుకుని బయటికి రండి!”

ఆ కేకే మమ్మల్ని బతికించింది. నేను వాడిని లేపితే లేవలేదు. రెండోసారి గట్టిగా కుదిపాక కళ్లు తెరిచాడు గానీ కాళ్లు నిలవలేదు. ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాను. ఆమె అమ్మను, చిన్నమ్మాయిని పట్టుకుని వెనకే వచ్చింది. అత్యవసర నంబరుకు ఫోను చేసి, వానలో రోడ్డుమీద నిలబడ్డాం. అగ్నిమాపక దళం వచ్చి, అబ్బాయికి ప్రాణవాయువు పెట్టి, కొలిచే పరికరం పట్టుకుని ఇంట్లోకి వెళ్లింది. తిరిగివచ్చిన అధికారి నన్ను తిట్టలేదు. ఆ రోజు తాను చూసిన ఇళ్లలో ఇది మొదటిది కాదని, మరో గంట గడిచి ఉంటే తాము వచ్చి చేయగలిగింది ఉండేది కాదని మాత్రం నెమ్మదిగా అన్నాడు. దేవుడి దయవల్ల మావాడు సాయంత్రానికి తేరుకున్నాడు.

యంత్రం తడవకూడదని లోపల పెట్టాను. చివరకు మేమందరం ముద్దగా తడిసి వీధిలో నిలబడ్డాం. అది మాత్రం గ్యారేజీలో పొడిగా ఉంది.

అప్పుడు అమ్మ నా ముఖంలోకి చూసి అడిగింది: “ఏరా నాన్నా, మీ నాన్న ఇంజను పాకకు ఎన్నడైనా దడి కట్టాడట్రా?”

ఆ మాటతో నాకు మా ఊరి మురుగుకాలవ గట్టు కళ్లముందు నిలిచింది. కాలవ చివరి పొలాలు మావి. నీరు అందని ఏడాది డ్రెయిను నుంచి తోడుకోవాలి. అందుకు నాన్నగారి వద్ద ఒక డీజిల్ ఆయిలింజను ఉండేది. హ్యాండిలు వేసి బలంగా తిప్పితే గాని అది లేచేది కాదు. దానికొక పాక. నాలుగు గుంజలు, వాటిమీద దూలాలు, వాసాలు, పైన తాటాకు కప్పు. చూరు మాత్రం బాగా కిందికి, బాగా బయటికి ఉండేది. చూరంటే గోడను దాటి ముందుకు వచ్చే కప్పు అంచు. వాన నీరు జారిపడేది అక్కడినుంచే. నాలుగువైపులా మాత్రం ఖాళీ. దడి లేదు, గోడ లేదు. చుట్టూ తాటాకు దడి కడితే ఏటవాలు జల్లు కూడా రాదు కదా అని చిన్నతనంలో నేను అడిగాను. “దానికి నెత్తిన నీడ ఉండాలి గాని ముక్కు మూయకూడదు. అది ఊపిరి తీస్తేనే మనకు నీళ్లు” అన్నారు నాన్నగారు. పొగగొట్టాన్ని కూడా మేము కూర్చుని సద్ది తినే గట్టువైపు కాక, అవతలి పొలం వైపు తిప్పి ఉంచేవారు. ఆయన ఏ ఇంజనీరింగు కళాశాలకూ వెళ్లలేదు. ఇంజనీరింగు చదివిన నేను ఆ పాకను మరచిపోయి ఇంజనుకు గోడలు కట్టాను.

ఇక్కడ మరొక విషయం చెప్పాలి. పెద్దల అనుభవం అన్నిటికీ సరిపోతుందని నేను చెప్పబోవడం లేదు. మా ఊళ్లో పాడుబడిన బావిలోకి దిగవలసివస్తే ముందుగా తాడు కట్టి లాంతరు దించేవారు. దీపం ఆరిపోతే లోపలి గాలి చెడిందని అర్థం. ఎవరూ దిగేవారు కారు. అమ్మకు ఆ పద్ధతి తెలుసు. “దీపం పెట్టి చూడకపోయావా?” అని కూడా అడిగింది. కానీ జనరేటరు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ ముందు ఆ దీపం పనిచేయదు. మనిషిని చంపేంత మోతాదులో ఉన్నప్పుడు కూడా అది దీపాన్ని ఆర్పదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకునే బలంకంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా దీనిని పట్టుకుంటుంది. అందువల్ల మనిషి ఊపిరి తీస్తున్నా శరీరానికి ఊపిరి అందదు. తలనొప్పి, వికారం, మగత కలుగుతాయి. జలుబు చేసిందనో, అలసటనో అనుకుని పడుకుంటాం. ఆ నిద్రే ప్రమాదం. అందుచేత బావికి లాంతరు ఎటువంటిదో, ఈ ఇళ్లకు అలారం అటువంటిది. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా, బ్యాటరీతో పనిచేసేది ఒకటి ఉండాలి. కరెంటు పోయినప్పుడే కదా దానితో పని!

మరునాడు ఉదయం పక్కింటి పెద్దాయన వచ్చారు. నలభై ఏళ్లపాటు కరెంటు స్తంభాలెక్కిన విశ్రాంత లైన్‌మన్. జరిగింది విని, మా పెరడంతా కలియజూసి, జనరేటరు ఉండవలసిన చోటు తానే నిర్ణయించారు. ఇంటికి 20 అడుగుల దూరంలో, అంటే మన కొలతలో మూడు బారలకు పైమాటే. మాకూ పొరుగువారికీ ఉన్న కిటికీలన్నిటికీ ఆ ఎడం ఉండేలా చూశారు. పొగగొట్టం ఇళ్లవైపు కాక ఖాళీ స్థలంవైపు ఉండాలన్నారు. గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి ఉంచినా సరే, లోపల నడపడం తగదని ఖండితంగా చెప్పారు. తలుపు తెరిచినంత మాత్రాన పొగ బుద్ధిగా బయటికే పోదు. ఇంట్లోకి వెళ్లే సందులన్నీ దానికి దారులే.

“మరి వాన వస్తే?” అని నేను అడిగాను. అమ్మ తన చేతివేళ్లతో నాలుగు గుంజలు, ఒక కప్పు చూపించింది. ఆ పెద్దాయనకు తెలుగు రాదు, అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ఆయన వెంటనే తలూపి, తన షెడ్డులోంచి ఒక రేకు తెచ్చారు. కర్రలకు కొదవ లేదు. బెరిల్ పడగొట్టిన మా కంచె పెరట్లోనే పడి ఉంది.

సాయంత్రానికి హ్యూస్టన్ శివారులో ఒక ఇంజను పాక లేచింది. నేలమీద నీరు నిలిచినా యంత్రానికి అంటకుండా సిమెంటు ఇటుకలతో దిమ్మ వేశాం. నేలలో పాతిన ఇనుపగొట్టాల్లో నాలుగు గుంజలు దించి బోల్టులు బిగించాం. ముందు గుంజలు ఎత్తు, వెనక గుంజలు కొంత పొట్టి. రేకుమీది నీరు వెనక్కు జారాలి కదా. యంత్రానికీ కప్పుకూ నడుమ మనిషి నిలబడేంత ఖాళీ ఉంచాం. చూరు అన్నివైపులా రెండడుగులు బయటికి వచ్చింది. దడి మాత్రం కట్టలేదు. ఈ ఇంజను గాలితోనే చల్లబడుతుంది. చుట్టూ మూసేస్తే తన పొగను తానే పీల్చి వేడెక్కిపోతుంది. మేము పని చేస్తుండగా అబ్బాయి ప్రతి వస్తువు పేరూ నానమ్మను అడిగాడు. గుంజ, దూలం, వాసం, చూరు, దడి. ఆదివారం తెలుగు తరగతిలో వాడికి ఎన్నడూ పట్టుబడని మాటలు సుత్తి చేతిలో ఉన్నప్పుడు ఒక్క పూటలో వచ్చేశాయి.

ఆ పెద్దాయన ఆనాడు చెప్పిన జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. గాలి వీస్తున్నంతసేపు రేకు ఎక్కించకూడదు, జనరేటరు నడపకూడదు. రేకు ఎగిరితే కత్తితో సమానం. తుఫానుకు ముందు రేకు విప్పి లోపల పెట్టి, అది వెలిశాకే తిరిగి బిగించాలి. ఇంట్లోకి తెచ్చే తీగ బయట వాడకానికి తయారైన మందపాటిది కావాలి. తీగలను అతికే చోట్లు నేలను తాకకూడదు, చూరు కిందనో ఇంటి లోపలనో ఉండాలి. తీగ కిటికీలోకి ఎక్కే ముందు ఒకసారి కిందికి వేలాడేలా వదలాలి. అప్పుడు తీగ వెంబడి జారే నీరు ఆ వంపు దగ్గర కిందపడుతుంది గాని ఇంట్లోకి రాదు. తీగ కోసం తెరిచిన కిటికీ సందును గుడ్డలతో మూయాలి. చేతులు తుడుచుకోకుండా ప్లగ్గును తాకకూడదు. పెట్రోలు పోయాలంటే ఇంజను ఆపి, అది చల్లారేదాకా ఆగాలి.

చివరగా ఆయన చెప్పిన మాటకు ఆయన గొంతు కాస్త మారింది. కొందరు జనరేటరు తీగను నేరుగా గోడలోని ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించుకోవాలని చూస్తారు. ఆ కరెంటు ఇంట్లో ఆగదు. వీధి తీగల్లోకి వెనక్కు పారి, ట్రాన్స్‌ఫార్మరులో వేల వోల్టులై, ఆ తీగ చల్లగా ఉందనుకుని బాగుచేస్తున్న లైన్‌మన్‌ను చంపుతుంది. ఇల్లంతటికీ కరెంటు కావాలంటే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత మార్పిడి స్విచ్చి పెట్టించుకోవాలి. “మీ ఇంటి దీపం నాలాంటివాడి ఇంట్లో చీకటి కాకూడదు” అన్నారు. నేను దానిని తెలుగులో చెప్పగా అమ్మ ఆయనకు చేతులెత్తి నమస్కరించింది.

మా వీధికి కరెంటు రావడానికి ఇంకా మూడు రోజులు పట్టింది. ఆ నడుమ ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి జల్లు కురిసింది. పిల్లలు కిటికీకి ముఖాలు ఆనించి పాకవైపు చూస్తూ నిలబడ్డారు. రేకుమీద చినుకులు టపటపలాడాయి. నీరు వెనక చూరునుంచి ధారగా జారింది. కింద ఇంజను తన ధోరణిలో తాను నడుస్తూనే ఉంది. లోపల అలారం మౌనంగా ఉంది. అమ్మ ఇన్సులిన్ సీసా తీసుకుని, అది చల్లగా ఉందో లేదో అరచేతిలో చూసుకుని, “మీ తాతయ్య చూస్తే సంతోషించేవారు” అంది మావాడితో. ఆ మాట నేను పక్కగదిలో ఉండి విన్నాను.

మన భాషా సంస్కృతులను పిల్లలకు అందించాలని ఈ పత్రికలో తరచుగా రాసుకుంటాం. పద్యాలు, పండుగలు, పిండివంటలు చెబుతాం. అవన్నీ కావలసినవే. కానీ మన తాతలు వానతో, గాలితో, యంత్రంతో ఎలా మెలిగారన్నదీ ఆ వారసత్వంలో భాగమే. నాన్నగారి పాకను నేను పిల్లలకు ఒక్కసారైనా వర్ణించి ఉంటే, ఆ సోమవారం గ్యారేజీ తలుపు దగ్గర నా చేయి ఆగి ఉండేదేమో. అలాగే ఆ పాక ఒక్కటే చాలదనీ, పైన మోగిన ఆ చిన్న పరికరమే మమ్మల్ని లేపిందనీ కూడా వారికి చెబుతాను. పాత తెలివిని మరచి, కొత్త తెలివి రాసి ఉన్న పుస్తకాన్ని చదవక, రెంటికీ చెడబోయిన రేవడిని నేను.

అమ్మ ఇప్పుడు ఊళ్లో ఉంది. ఏటా జూన్ రాగానే ఫోను చేస్తుంది. కుశల ప్రశ్నలకు ముందే అడుగుతుంది: “పాక గుంజలు గట్టిగా ఉన్నాయా? అలారం బ్యాటరీ మార్చావా?” రెండింటికీ అవునని చెప్పాకే మిగతా కబుర్లు. మీ ఇంట్లో జనరేటరు ఉంటే, ఈ వారమే, ఎండ కాస్తున్నప్పుడే, దానికొక చోటు చూసిపెట్టండి. అలారం మీట నొక్కి, నాలుగు కూతలు ఎలా ఉంటాయో పిల్లలకు వినిపించండి. ఆ కూత వినబడితే చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి రావాలని చెప్పండి. వానలో తడిస్తే తుడుచుకోవచ్చు.